భక్తికి వ్యుత్పత్తి – భక్తికి అర్థము

బుక్కరాయసముద్రము చెరువుకట్టమీద నడచు మన ఊరివారు ముసలమ్మ గుడివద్ద ఒక క్షణము నిలిచి, చేతులు జోడించి, ఆపై ముందుకు సాగుట వాడుక. మొదటి బుక్కరాయల కాలమున, 14వ శతాబ్దములో, ఆయన మంత్రి చిక్కవొడయరు పండమేరునకు అడ్డముగా కట్టించిన చెరువిది. ఒకానొక వానకాలమున కట్ట తెగబోవుచుండగా, బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మను బలియిచ్చిననే గాని కట్ట నిలువదని దైవవాక్కు వినబడినదట. ఆ ఇల్లాలు భర్తవద్ద, అత్తమామలవద్ద సెలవు తీసికొని తానే గండిలోనికి నడచిపోయినదని పెద్దలు చెప్పుదురు. కట్టమంచి రామలింగారెడ్డిగారు మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదువుకొను దినములలో, 19వ శతాబ్దము ముగియు వేళ, ఈ కథనే 'ముసలమ్మ మరణము' అను కావ్యముగా రచించినారు.

కొన్ని మాసముల క్రిందట ఒక సాయంకాలము ఈ కథను చెప్పి ముగించితిని. శ్రోతలలో నుండి కళాశాలలో చదువుకొను పిల్లవాడొకడు లేచి, "అయ్యవారూ, కట్ట తెగుతుందని ఊరంతా భయపడింది. ఆ భయమే దేవత గొంతయింది. భక్తి మొత్తం ఇంతేనని ఫ్రాయిడ్ చెప్పినాడంట. మీరేమంటారు?" అని అడిగినాడు. సభలో ఒకరిద్దరు పెద్దలకు కోపము వచ్చినది. నేను వారిని వారించి, మరొకనాడు సమాధానము చెప్పుదునని మాట యిచ్చితిని. జవాబు తోచక అట్లు చెప్పలేదు. ఆ ప్రశ్నలో కొంత సత్యమున్నదని నాకు స్వానుభవమున తెలియును. ఆ అనుభవమును కూడ దాచక చెప్పవలెనన్న కొంత ధైర్యము కూడదీసికొనవలసి వచ్చినది. ఆ మాటను ఈ వ్యాసమున చెల్లించుకొనుచున్నాను.

పూర్వపక్షము

ఎదుటివాని మతమును అతడే మెచ్చునంత బలముగా చెప్పిన పిమ్మటనే ఖండింపవలెననుట మన శాస్త్రకారుల మర్యాద. కావున ముందుగా ఫ్రాయిడ్ మహాశయుని వాదమును వినుదము.

సిగ్మండ్ ఫ్రాయిడ్ 1856లో నాటి ఆస్ట్రియా సామ్రాజ్యములోని ఫ్రైబెర్గ్ అను చిన్న పట్టణమున జన్మించినాడు. వియన్నా నగరమున వైద్యుడుగా ఉండి, నరముల జబ్బుతో వచ్చిన రోగులను పడుకొనబెట్టి, మనసునకు తోచినదంతయు ఏ దాపరికము లేక చెప్పుమనెడివాడు. అట్లు వినగా వినగా ఆయనకొక సంగతి తేటపడినది. మనసులో మనకే తెలియని భాగమొకటి కలదు. మనము అణచివేసిన కోరికలు, భయములు అందులో చావక దాగియుండి, స్వప్నములుగాను, నోటిజారు మాటలుగాను, రోగలక్షణములుగాను వేషము మార్చుకొని బయటికి వచ్చును. వాటిని మాటలలోనికి తెచ్చి రోగికి ఎరుక కలిగించుటయే మనోవిశ్లేషణము.

ఈ దీపము పట్టుకొని ఆయన మతమువైపును చూచినాడు. 1907లో ప్రకటించిన ఒక వ్యాసమున, కొందరు రోగులు చేతులు పదేపదే కడుగుకొనుటకును, వస్తువులను ఒక్క క్రమములోనే పెట్టుటకును, భక్తులు చేయు కర్మకాండకును పోలిక చూపినాడు. రెండింటను క్రమము తప్పినచో ఏదో కీడు మూడునన్న భయమున్నదనినాడు. 1913లో వెలువడిన 'టోటెమ్ అండ్ టాబూ' గ్రంథమున, దేవుడనగా మనిషి తన తండ్రి రూపమును ఆకాశమంత పెంచుకొని నిలుపుకొన్నదే యనినాడు. 1927లో 'ది ఫ్యూచర్ ఆఫ్ యాన్ ఇల్యూషన్' అను గ్రంథమున ఈ వాదమునకు పూర్ణరూపమిచ్చినాడు. శిశువు నిస్సహాయుడు, తండ్రి రక్షకుడు. పెద్దవాడైన పిమ్మటను మనిషి పిడుగు ముందు, రోగము ముందు, మృత్యువు ముందు శిశువే. కావున అతడు మరింత పెద్ద తండ్రిని కోరుకొనును. ఆ కోరికయే విశ్వాసమైనదని ఆయన సిద్ధాంతము.

ఇక్కడ ఆయనకు న్యాయము చేయవలసిన మాట యొకటి కలదు. 'ఇల్యూషన్' అను శబ్దమునకు అబద్ధమని ఆయన అర్థము చెప్పలేదు. కోరికనుండి పుట్టిన నమ్మకమని మాత్రమే చెప్పినాడు. సామాన్య గృహమున పుట్టిన కన్య తనను రాకుమారుడు వరించునని తలంచినచో, అది కోరికనుండి పుట్టిన తలంపే. అయినను ఎప్పుడో ఎక్కడో నిజము కావచ్చునని ఆయనయే ఉదాహరించినాడు. తాను నాస్తికుడైనను, మతములు చెప్పు విషయములు సత్యమా కాదా అని నిర్ణయించుట ఆ గ్రంథమున తన పని కాదని ఒప్పుకొన్నాడు. ఆయన పేరు చెప్పి వాదించువారును, ఆయన పేరు విని మండిపడువారును ఈ ఒక్క మాటను మరచుచున్నారు.

సిద్ధాంతము

వ్యాకరణము చదువుకొన్నవారికి 'కుశల' శబ్దము తెలిసినదే. కుశలను, అనగా దర్భలను, చేయి తెగకుండ కోసితెచ్చువాడని ఆ పదమునకు వ్యుత్పత్తి చెప్పుదురు. నేడు వీణ వాయించుటలో కుశలుడనినచో దర్భలమాట ఎవ్వరికిని తోచదు. పంకజమనగా బురదలో పుట్టినదని వ్యుత్పత్తి. బురదలో పుట్టు పురుగులన్నియు పంకజములు కావు, పద్మమొక్కటే పంకజము. ఒక పదము ఎక్కడ పుట్టినదో చెప్పుట వేరు, నేడు దాని అర్థమేమో చెప్పుట వేరు. ఫ్రాయిడ్ భక్తికి వ్యుత్పత్తి చెప్పినాడు. అది చాలవరకు సరియైనదే. అర్థము చెప్పుటకు ఆ విద్య చాలదు.

భక్తి భయమునుండి, లేమినుండి పుట్టవచ్చునని చెప్పుటకు మనకు వియన్నా వైద్యుడు రావలసిన పని లేదు. గీత ఏడవ అధ్యాయమున భగవానుడు తన్ను సేవించువారిని నాలుగు తెగలుగా చెప్పుచు, ఆర్తుని మొట్టమొదట పేర్కొన్నాడు. ఆర్తుడనగా ఆపదలో పడినవాడు. తరువాత జిజ్ఞాసువు, అర్థార్థి, చివరకు జ్ఞాని. ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు మన సీమలో ఆర్తుడెవడో వివరించి చెప్పనక్కరలేదు. వేరుసెనగ విత్తి, కార్తెలు వరుసగా ఎండిపోవుచుండగా ఆకాశమువైపు చూచి చేయెత్తని రైతు ఎవ్వడు? కప్పలకు పెండ్లి చేసి వాన కోరు పిల్లల పాటలో ఉన్నది ఆర్తియే గదా. భగవానుడు ఆర్తుని వెళ్ళగొట్టలేదు. ఆ నలుగురును ఉదారులే యనినాడు. అయితే జ్ఞానికి ప్రత్యేకస్థానమిచ్చి, ఆర్తుడు నడువవలసిన దారి ఇంకను ఉన్నదని సూచించినాడు.

ఆ దారి ఎట్టిదో భాగవతము నాలుగవ స్కంధమున ధ్రువుని కథ చూపుచున్నది. ఉత్తానపాద మహారాజు తొడమీద చిన్నభార్య కుమారుడు ఉత్తముడు కూర్చుండియున్నాడు. ఐదేండ్ల ధ్రువుడు తానును ఎక్కబోయినాడు. పినతల్లి సురుచి అదలించినది. తండ్రి చూచుచును మాటాడలేదు. పిల్లవాడు ఏడ్చుచు తల్లి సునీతి వద్దకు పోగా, ఆమె హరిని ఆశ్రయింపుమన్నది. తండ్రి ఒడి దొరకని బిడ్డ ఇంకను పెద్ద తండ్రిని వెదకుకొనుచు అడవికి పోయినాడు. ఫ్రాయిడ్ చెప్పిన కథకు ఇంతకంటె చక్కని ఉదాహరణము ఆయన గ్రంథములలోనైనను దొరకునా యని నాకు సందేహము.

కాని భాగవతకారుడు అక్కడ ఆగలేదు. దారిలో నారదుడు కనబడి, నీవు చిన్నబిడ్డవు, నీకు మానమేమి అవమానమేమి, ఇంటికి పొమ్మని పరీక్షించినాడు. బాలుడు తన మనసులోని గాయమును దాచలేదు. ఆ మాట మనసునకు ఎక్కుట లేదని ఒప్పుకొని, పినతండ్రులు తాతలు పొందని స్థానము కావలెనని నిష్కర్షగా చెప్పినాడు. నారదుడు నవ్వక మంత్రముపదేశించినాడు. తపస్సు ఫలించి హరి కనబడినాడు, అడిగిన పదమిచ్చినాడు. అప్పుడు జరిగినదే కథకు ప్రాణము. వరము పొంది ఇంటికి మరలుచు ధ్రువుడు సంతోషింపక దుఃఖించినాడు. సర్వము ఇయ్యగలవాని ఎదుట నిలిచి ఇంత అల్పమైనదానిని అడిగితినే అని సిగ్గుపడినాడు. వెదకుట గాయమువలన మొదలైనది. దొరికినది మాత్రము గాయముకంటె పెద్దది. అది దొరికిన పిమ్మట గాయము అతని కంటికే చిన్నదైనది. ఈ మార్పును వ్యుత్పత్తి చెప్పలేదు.

తెలియని మనసు అను భావము కూడ మనకు క్రొత్త కాదు. పతంజలి యోగసూత్రములలో అవిద్య, అస్మిత, రాగము, ద్వేషము, అభినివేశము అను ఐదు క్లేశములను చెప్పి, అవి నాలుగు స్థితులలో ఉండునన్నాడు: నిద్రించియుండుట, పలుచబడియుండుట, మరొక వృత్తిచేత అణగియుండుట, పూర్తిగా విజృంభించియుండుట. బీజమువలె నిద్రించు రాగద్వేషములు తగిన ఆలంబనము దొరకగానే లేచునని వ్యాఖ్యాతలు వివరించినారు. ఫ్రాయిడ్ విద్యయు ఇచ్చటివరకు దాదాపుగా తోడు వచ్చును. దాగినదానిని మాటలలోనికి తెచ్చి దాని బలము తగ్గించుట ఆయన ప్రయత్నము. ఆ బీజము మరల మొలకెత్తకుండ వేపివేయుట యోగి ప్రయత్నము. మొదటిది చేసికొనలేనివాడు రెండవదానికి పోవుట కష్టము. ఇది నేను ఆలస్యముగా నేర్చుకొన్న పాఠము.

ఇద్దరు మిత్రుల కథ

ఈ రెండు విద్యలు ఒకే మనిషిలో ఇముడగలవా యని అడుగువారికి కలకత్తా వైద్యుడు గిరీంద్రశేఖర బోసుగారే సమాధానము. అణచివేతను గురించి 1921లో పరిశోధనగ్రంథము సమర్పించి, దానిని ఫ్రాయిడునకు పంపి, ఆయనతో ఏండ్ల తరబడి ఉత్తరములు నడపినారు. 1922లో కలకత్తాలో భారతీయ మనోవిశ్లేషణ సంఘమును స్థాపించినారు. ఆ బోసుగారే వంగభాషలో పురాణములపైనను, భగవద్గీతపైనను వ్రాసినారు. 1931లో ఫ్రాయిడునకు డెబ్బదియైదేండ్లు నిండిన సందర్భమున కలకత్తానుండి దంతపు విష్ణుమూర్తిని కానుకగా పంపినారు. దేవుని నమ్మని ఆ వైద్యుడు ఆ మూర్తిని తాను వ్రాసికొను బల్లమీదనే ఉంచుకొన్నాడు.

ఫ్రెంచి రచయిత రోమా రోలాగారు ఫ్రాయిడునకు మరొక మిత్రుడు. రామకృష్ణ పరమహంస, వివేకానందుల చరిత్రలు వ్రాసినవారు. 1927లో ఆయన ఫ్రాయిడునకు ఉత్తరము వ్రాయుచు, మతమునకు మూలము భయము కాదనియు, హద్దులు లేని సముద్రముతో ఒకటైనట్టి అనుభూతి యొకటి కలదనియు చెప్పినారు. 1930లో వెలువడిన తన గ్రంథమును ఫ్రాయిడ్ ఆ మాటతోనే ఆరంభించి, అట్టి అనుభూతి తనలో తనకు కనబడలేదని నిజాయితీగా ఒప్పుకొని, అది శిశువు తల్లికిని తనకును భేదమెరుగని దశనాటి జ్ఞాపకము కావచ్చునని ఊహించినాడు. తనకు కలుగని అనుభవమును లేదనలేదు, తనకు తెలిసిన దారిలో దానికి మూలము వెదకినాడు. రుచి ఎరుగనివాడు తేనె ఏ పువ్వునుండి వచ్చినదో చెప్పగలడు. తీపి ఎట్టిదో చెప్పుమని అతని నడుగుట మన తప్పు.

నా తప్పు

ఇక నా అనుభవము. ఇరువది యేండ్లకు పైబడిన మాట. సాయంకాలము నావద్ద శబ్దములు, అమరము చదువుకొనుటకు వచ్చు పిల్లలలో ఒక యువకుడుండెను. తెలివిగలవాడు, వినయవంతుడు. ఒక ఏడు అతనికి ఆచారనిష్ఠ హఠాత్తుగా పెరిగినది. తెల్లవారక ముందే స్నానము. దారిలో ఏదో తాకినదని మరల స్నానము. జపములో అక్షరము జారినదేమోనని మొదటినుండి మరల జపము. చలికాలమునను రోజునకు ఐదారు స్నానములు. చేతుల చర్మము పగిలినది. నేను దానిని చూచి పొంగిపోయి, నిష్ఠ యనిన ఇట్లుండవలెనని తక్కిన పిల్లలముందు పొగడితిని.

ఒకనాడు అతని తల్లి మా ఇంటి అరుగువద్ద నిలిచి, "సామీ, కొళాయి నీళ్ళు మూడు దినాలకొకసారి వస్తాయి. వచ్చిన నీళ్ళన్నీ వాడే పోసుకుంటాడు. అన్నానికి కూర్చుంటే ముద్ద నోటికి పోయేలోగా లేస్తాడు. మీ మాటయితే వింటాడు. మీరైనా చెప్పండి" అన్నది. నేను ఆమెకు చెప్పిన మాట తలంచిన నేటికిని తల వంగును. తపస్సునకు అడ్డుపడిన పాపము తగులునమ్మా అంటిని. ఆమె మారు మాటాడక వెళ్ళిపోయినది.

ఐదారు మాసములకు ఆ పిల్లవాడు చిక్కి శల్యమై మంచము పట్టినాడు. తండ్రి అతనిని మనోవైద్యునివద్దకు తీసికొనిపోయినాడు. ఇది పేరుగల రోగమేననియు, మందులతోను, క్రమముగా మాటాడించి భయమును ఎదుర్కొన నేర్పుటతోను తగ్గుననియు వైద్యుడు చెప్పినాడట. ఏడాదికి పైగా పట్టినది. అతడు కోలుకొన్నాడు. నేడు ఉద్యోగస్థుడు, ఇద్దరు బిడ్డల తండ్రి. సంధ్యావందనము మానలేదు. ఒక్కమారు కూర్చుండి, ఒక్కమారు లేచును. ఆ రోజులనుగూర్చి అతడొకమారు నాతో అన్న మాట ఇది: "అయ్యవారూ, అప్పుడు నేను దేవుణ్ణి ఒక్క దినం కూడా తలచుకోలేదు. తప్పునే తలచుకున్నాను."

1907 నాటి ఫ్రాయిడ్ వ్యాసమునందలి పోలిక ఆ పిల్లవానిపట్ల అక్షరసత్యము. ఆ వ్యాసము నాకు తెలిసియుండిన, ఆ తల్లికి వేరొక జవాబు చెప్పియుందును. అంతమాత్రముననే పరమతము చదివి నేర్చుకొనవలసి వచ్చెనా యన్నచో, అదియును కాదు. నా శాస్త్రమును నేను సరిగా చదివియుండినను చాలియుండెడిది.

భేదము నెరుగుట

శాస్త్రవిహితమైన కర్మకు ముగింపు ఉన్నది. సంకల్పముతో మొదలై ఉద్వాసనతో ముగియును. పూజాంతమున మంత్రములో, క్రియలో, భక్తిలో జరిగిన లోపములను క్షమింపుమని వేడుకొని, చేసినదంతయు భగవదర్పణము చేయుదుము. అనగా తప్పు జరుగునని శాస్త్రమునకు ముందే తెలియును. దానికి క్షమను కూడ కర్మలోనే అమర్చినది. రోగమున చేయు కర్మకు ముగింపు లేదు, క్షమ చెవికెక్కదు. ఫ్రాయిడ్ రెండింటిని పోల్చినాడే గాని, ఈ భేదమునకు తగిన విలువ నీయలేదు.

శాస్త్రవిహితమైన కర్మ దేహమునెరుగును. అశక్తునకు, జ్వరపీడితునకు మంత్రస్నానము, భస్మస్నానము, మానసస్నానము చాలునని ధర్మశాస్త్రకారులు విధించినారు. రోగమున చేయు కర్మ దేహమును లెక్కచేయదు, ఇంటివారి ఆకలిని లెక్కచేయదు.

మూడవది అన్నిటికంటె ముఖ్యము. యోగమునకు కలుగు విఘ్నములు తొమ్మిదింటిని లెక్కించుచు పతంజలి మొట్టమొదట చెప్పినది వ్యాధిని. ఆ తొమ్మిదింటిలోనే సంశయమును, భ్రాంతిదర్శనమును చెప్పినాడు. వ్యాధి వచ్చిన చికిత్స చేయించుకొనుట యోగమునకు సాయమే గాని విరోధము కాదని దీనివలన తేలుచున్నది. కావున మీ ఇంటిలో ఎవరైన పూజ ముగింపలేక పదేపదే మొదలుపెట్టుచున్నను, నిద్రాహారములు మానుచున్నను, తాను మహాపాపినని కుమిలిపోవుచున్నను, ఎవ్వరికిని వినబడని దైవవాక్కులు తనకు వినబడుచున్నవని చెప్పుచున్నను, ముందు వైద్యునివద్దకు తీసికొనిపొండు. కేంద్రప్రభుత్వమువారి టెలి మానస్ సేవకు 14416 సంఖ్యకు ఫోను చేసినచో రుసుము లేక తెలుగులోనే సలహా చెప్పుదురు. దేవుడు వైద్యాలయమువద్ద మనతో ఉండడని ఏ శాస్త్రము చెప్పినది?

ఉపసంహారము

ఇప్పుడు ఆ విద్యార్థి ప్రశ్నకు వచ్చుదము. కట్ట తెగునాడు ఊరివారి మనసులో ఉన్నది భయమేనా? అవును నాయనా, భయమే. భయపడిన ఊరు తనలో బలహీనమైనవారిని వెదకి బలి కోరుట లోకమున అనేక చోట్ల జరిగినదే. ఆ కోరికను నేను దైవాజ్ఞయని సమర్థింపను. నేడెవ్వరైనను అట్టి వాక్కు వినబడినదని చెప్పినచో, పట్టి వైద్యునకో రక్షకభటునకో అప్పగింపవలసినదే. ఊరి మనసును విప్పి చూపుటకు ఫ్రాయిడ్ విద్య పనికివచ్చును.

అయితే ఆనాడు ఆ కట్టమీద రెండు మనసులుండినవి. ఊరి మనసు తన్ను రక్షించుకొనుటకు ఒకతెను కోరినది. ముసలమ్మ మనసు ఊరిని రక్షించుటకు తన్ను ఇచ్చుకొన్నది. మనము గుడి కట్టినది ఊరి భయమునకు కాదు. భయపడిన వేలమంది పేర్లు ఒక్కటియు నిలువలేదు. నిలిచినది ఆమె పేరు. ఒకే దైవవాక్కు, ఒకే గండి. ఒకచోట అది భీతి, మరొకచోట త్యాగము. ఏది యెక్కడ మొదలైనదో మనోవిశ్లేషకుని అడిగి తెలిసికొనుడు. ఎంతదూరము పోయినదో ఆ కట్టమీద నిలిచి చూడుడు.

మీ భక్తి భయముతో మొదలైనదని ఎవ్వరైన చెప్పినచో నొచ్చుకొనవలదు, ధ్రువుని భక్తియు గాయముతోనే మొదలైనది. అయితే నేటికిని అక్కడనే ఉన్నదేమోనని రాత్రి పడుకొనబోవు ముందు ఎవరికి వారు పరీక్షించుకొనుడు. ఈ రోజు దేవుని తలచితినా, తప్పును తలచితినా అని ఒక్క ప్రశ్న వేసికొనుడు. ఆ ప్రశ్న నాకు నేర్పినవాడు నా శిష్యుడు. ఆ రోజు నేను తిప్పి పంపిన తల్లి నేడు లేదు. ఆమెకు చెప్పవలసిన క్షమాపణను ఈ పత్రిక ముఖమున ఆమెవంటి తల్లులందరికిని చెప్పుకొనుచున్నాను.

స్వస్తి.